చిప్ మీద యాక్సిలరేటర్ – 4వ పాఠం: కాంతితోనే ఎలక్ట్రాన్లను కూడగట్టడం

గత పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. 28.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చే ఎలక్ట్రాన్‌ను 1.93 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌తో తోయాలి. చిప్ మీద రెండు వరుసలుగా నిలిపిన సిలికాన్ స్తంభాల మధ్య సందులోంచి ఎలక్ట్రాన్ పోతుంది, పక్క నుంచి లేజర్ కాంతి పడుతుంది. ఆ స్తంభాలను ఎంత దూరానికి ఒకటి చొప్పున నిలబెట్టాలి?

ఎలక్ట్రాన్ విరామ శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. 28.4ను 511తో భాగించి 1 కలిపితే గామా, అంటే ఎలక్ట్రాన్ మొత్తం శక్తి దాని విరామ శక్తికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1.0556 వస్తుంది. దాని నుంచి బీటా, అంటే కాంతి వేగంతో పోల్చిన ఎలక్ట్రాన్ వేగం, 0.3202. స్తంభాల పీరియడ్ = బీటా × తరంగదైర్ఘ్యం = 0.3202 × 1930 = 618 నానోమీటర్లు. కాంతి ఒక్కసారి ఊగి మొదటి స్థితికి రావడానికి 6.44 ఫెమ్టోసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో ఎలక్ట్రాన్ సరిగ్గా ఒక స్తంభం నుంచి తర్వాతి స్తంభం దాకా వెళ్లాలి. అలా వెళ్తేనే ప్రతి స్తంభం దగ్గరా దానికి ఒకే రకమైన తోపు అందుతుంది. ఈ సమాధానం రాకపోతే 3వ పాఠాన్ని మరోసారి చేసి రండి. ఇక్కడి నుంచి ప్రతి లెక్కా ఈ 618 మీదే నడుస్తుంది.

తోపు ఒక్కటే సరిపోతే యాక్సిలరేటర్ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఈ ఎలక్ట్రాన్ పోవలసిన దారి వెడల్పు 225 నానోమీటర్లు, పొడవు 500 మైక్రోమీటర్లు. పొడవు వెడల్పుకు రెండు వేల రెట్ల పైమాట. నాళం మధ్యలో బయలుదేరిన ఎలక్ట్రాన్ 0.225 మిల్లీరేడియన్ల వంకరతో వచ్చినా చివరికి చేరేలోపు గోడకు తగులుతుంది. ఇది లేజర్ వెలిగించక ముందు మాట. లేజర్ వెలిగిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. తోసే కాంతే ఎలక్ట్రాన్లను పక్కలకు కూడా నెడుతుంది. ఆ నెట్టుడును మన పనికి మలుచుకోవడమే ఈ పాఠం.

కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. పాఠం పూర్తయ్యేసరికి ఒక కేంద్రీకరణ గడిని మీరే డిజైన్ చేయగలగాలి. దానిలో ఎన్ని స్తంభాలుండాలి, ఎక్కడ ఎంత ఖాళీ వదలాలి, ఎంత వంకర ఉన్న ఎలక్ట్రాన్ దాకా అది కాపాడగలదు అన్నవి మీ లెక్కల్లోంచే రావాలి.

నాళం లోపల క్షేత్రం ఎలా ఉంటుంది?

రెండు వరుసల స్తంభాల మధ్య ఎలక్ట్రాన్‌తో పాటు నడిచే తరంగం కాంతి కంటే నెమ్మదైనది. ఖాళీ ప్రదేశంలో అలాంటి తరంగం స్వేచ్ఛగా ప్రయాణించలేదు. గోడలను అంటిపెట్టుకుని, గోడ నుంచి దూరం జరిగేకొద్దీ త్వరగా సన్నగిల్లుతుంది. ఎంత త్వరగా అన్నదానికి ఒక చక్కని సూత్రముంది: క్షేత్రపు వ్యాప్తి = బీటా × గామా × తరంగదైర్ఘ్యం ÷ 6.283. మన అంకెలు పెడితే 104 నానోమీటర్లు. ప్రతి 104 నానోమీటర్లకూ క్షేత్రం 2.718వ వంతుకు తగ్గుతుందన్నమాట. నాళం ఎందుకంత ఇరుకుగా ఉండాలో దీన్నిబట్టి తెలుస్తుంది. మైక్రోమీటరు వెడల్పు పెడితే మధ్యలో తోపు దాదాపు మిగలదు.

రెండు వైపుల నుంచీ సమానంగా, ఒకే ఫేజ్‌లో క్షేత్రం వస్తే మధ్యలో అది కనిష్ఠంగా, గోడల దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. మన నాళంలో గోడ దగ్గరి క్షేత్రం మధ్యలోని క్షేత్రానికి 1.65 రెట్లు. ఈ సౌష్ఠవాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒక్క వైపు నుంచే కాంతి పడితే క్షేత్రం ఒక గోడ వైపు మొగ్గుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్ల గుంపంతా ఒకే పక్కకు నెట్టుకుపోతుంది. అది విక్షేపమే గాని కేంద్రీకరణ కాదు. రెండు లేజర్లను ఎదురెదురుగా పెట్టి ఫేజ్ కలపడం ఒక దారి. ఒక వైపు లేజర్ ఉంచి, రెండో వైపు సిలికాన్ పొరలతో అద్దం చెక్కడం మరో దారి. చిప్ మీద అద్దం కదలదు, తప్పిపోదు. అందుకే నాకు రెండోదే నమ్మకమైనదిగా కనిపిస్తుంది.

ఇక బలాలు. ఎలక్ట్రాన్ తరంగం మీద ఎక్కడ కూర్చుని ఉందో దాన్ని ఫేజ్ అంటున్నాం. గరిష్ఠ త్వరణం దొరికే శిఖరాన్ని 0 డిగ్రీలుగా పెట్టుకుందాం. శిఖరానికి ముందున్న ఎలక్ట్రాన్‌కు ప్లస్, వెనకున్న దానికి మైనస్. అప్పుడు ప్రయాణ దిశలో బలం = శిఖర బలం × కొసైన్(ఫేజ్). పక్క బలం మధ్య నుంచి జరిగిన దూరంతో పెరుగుతుంది, సైన్(ఫేజ్)ను బట్టి గుర్తు మారుతుంది. ప్లస్ ఫేజ్‌లో గోడ వైపు నెడుతుంది, మైనస్ ఫేజ్‌లో మధ్యకు లాగుతుంది.

నాలుగు చోట్ల ఆగి చూడండి. సరిగ్గా శిఖరం మీద, 0 డిగ్రీల దగ్గర, త్వరణం పూర్తిగా ఉంటుంది, పక్క బలం సున్నా. 180 దగ్గర పూర్తి వెనక్కు లాగుడు, అక్కడా పక్క బలం లేదు. ప్లస్ 90 దగ్గర త్వరణం లేదు. కానీ ముందు పోతున్న ఎలక్ట్రాన్‌కు వెనక్కు లాగుడు, వెనకబడినదానికి ముందుకు తోపు అందుతాయి. అంటే ప్రయాణ దిశలో గుంపు దగ్గరపడుతుంది, పక్కలకు మాత్రం విచ్చుకుంటుంది. మైనస్ 90 దగ్గర దీనికి పూర్తిగా విరుద్ధం: పక్కల నుంచి కూడుకుంటుంది, ప్రయాణ దిశలో సాగిపోతుంది.

ఈ నాలుగింటినీ పుస్తకం మూసి మళ్లీ రాసి చూడండి. గుర్తులు తారుమారైతే చిప్ కేంద్రీకరించాల్సిన చోట చెదరగొడుతుంది.

రెండు వైపులా ఒకేసారి కుదరదు

పక్కలకూ, ప్రయాణ దిశలోనూ ఒకేసారి దగ్గరపరిచే ఫేజ్ దొరుకుతుందేమోనని వెతకాలనిపిస్తుంది. దొరకదు. నిశ్చల విద్యుత్ క్షేత్రాలతో మాత్రమే ఏ ఆవేశాన్నీ అన్ని దిశల్లోనూ స్థిరంగా నిలపలేమని 1842లోనే శామ్యూల్ ఎర్న్‌షా నిరూపించాడు. ఎలక్ట్రాన్‌తో సమానంగా నడిచే మన తరంగం ఎలక్ట్రాన్ కళ్లకు నిశ్చలంగానే కనిపిస్తుంది. కాబట్టి అదే నియమం ఇక్కడా వర్తిస్తుంది.

మన నాళంలో ఈ నియమం ఎంత కచ్చితంగా బయటపడుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. స్తంభాలు తగినంత ఎత్తుగా ఉండి, నిలువు దిశలో క్షేత్రం మారదనుకుందాం. అప్పుడు పక్క దిశలో కేంద్రీకరణ బలమూ, ప్రయాణ దిశలో సాగదీసే బలమూ అంకెలో అచ్చంగా సమానం, గుర్తులో విరుద్ధం. రెండింటికీ ఒకే సూత్రం:

కేంద్రీకరణ బలం = శిఖర బలం × (6.283 ÷ పీరియడ్) × సైన్(ఫేజ్) ÷ (గామా³ × బీటా² × 511)

ఈ సూత్రంలో శక్తులన్నీ కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో, దూరాలన్నీ మైక్రోమీటర్లలో పెట్టండి. ఒక దిశలో ఎంత లాభపడితే రెండో దిశలో సరిగ్గా అంతే నష్టపోతాం.

మరి బయట అయస్కాంతాలు పెట్టి కూడగట్టకూడదా? పెద్ద యాక్సిలరేటర్లలో చేసేది అదే. ఇక్కడ కావలసిన బలాన్ని లెక్కగడితే ఆ ఆలోచన వెంటనే పక్కకు పోతుంది. కాసేపట్లో మనం వాడబోయే అంకెలతో నాలుగు ధ్రువాల అయస్కాంతం మీటరుకు దాదాపు 41 లక్షల టెస్లాల ప్రవణత ఇవ్వాలి. చాలా చిన్న రంధ్రంతో చేసిన శాశ్వత అయస్కాంతాలు మీటరుకు వందల టెస్లాలు ఇస్తాయి. తేడా వేల రెట్లలో ఉంది. అంత బలం మన దగ్గర కాంతి క్షేత్రానికి మాత్రమే ఉంది. చెదరగొడుతున్నది ఏదో దానితోనే కూడగట్టుకోవాలి.

ఫేజ్‌ను అటూ ఇటూ మార్చడం

ఒకే చోట రెండూ కుదరకపోతే వంతులవారీగా చేయాలి. కొంత దూరం మైనస్ ఫేజ్‌లో పక్కల నుంచి కూడగట్టి, ఆ తర్వాత అంతే దూరం ప్లస్ ఫేజ్‌లో ప్రయాణ దిశలో కూడగట్టాలి. మళ్లీ మైనస్, మళ్లీ ప్లస్. కూడగట్టినదంతా తర్వాతి భాగంలో చెదిరిపోదా అని సందేహం రావాలి. రాకపోతే ఈ ఉపాయం గొప్పతనం అర్థం కానట్టే.

సందేహం తీరేది ఇలా. పక్క బలం ఎలక్ట్రాన్ మధ్య నుంచి ఎంత దూరం జరిగిందో దాన్నిబట్టి పెరుగుతుంది. కూడగట్టే భాగం గుండా వెళ్లేటప్పుడు ఎలక్ట్రాన్ మధ్యకు దూరంగా ఉంటుంది, కాబట్టి గట్టి లాగుడు తగులుతుంది. ఆ లాగుడు వల్ల మధ్యకు దగ్గరగా వచ్చాకే చెదరగొట్టే భాగంలోకి అడుగుపెడుతుంది. అక్కడ మధ్యకు దగ్గరగా ఉంది గనుక నెట్టుడు తక్కువ. బలాలు సమానమైనా అవి పనిచేసే చోటు వేరు. మొత్తం మీద కూడగట్టుడే మిగులుతుంది.

ఈ ఆలోచనకు పెద్ద చరిత్రే ఉంది. అయస్కాంతాలను ఇలా ఒకదాని తర్వాత ఒకటి తిరగేసి పెట్టే పద్ధతిని 1952లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో కూరంట్, లివింగ్‌స్టన్, స్నైడర్ ప్రకటించారు. ఏథెన్స్‌లో లిఫ్టుల సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తూ భౌతికశాస్త్రాన్ని సొంతంగా నేర్చుకున్న నికొలస్ క్రిస్టోఫిలోస్ అదే సంగతిని అంతకు రెండేళ్ల ముందే స్వతంత్రంగా కనుక్కున్నాడు. స్వయంగా నేర్చుకుంటున్న మీరు ఆ పేరు గుర్తుంచుకోవాలని నా కోరిక. అయస్కాంతాలు లేకుండా త్వరణ క్షేత్రపు ఫేజ్‌నే తిప్పుతూ అదే పని చేయవచ్చన్న సూచన కూడా 1950లలోనే అయాన్ యాక్సిలరేటర్ల కోసం వచ్చింది. 2018లో డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఊవె నీడర్‌మాయర్ బృందం దాన్ని లేజర్ చిప్‌లకు పూర్తి డిజైన్‌గా మలిచింది.

లెక్క: ఒక గడి

ఇప్పుడు మన గడి. ఒక కూడగట్టే భాగమూ దాని తర్వాతి చెదరగొట్టే భాగమూ కలిస్తే ఒక గడి. ప్లస్ 60, మైనస్ 60 డిగ్రీల మధ్య మారుద్దాం. రెండు చోట్లా కొసైన్ 0.5 కాబట్టి గరిష్ఠ త్వరణంలో సగం ఎప్పుడూ దక్కుతుంది. ఏ భాగంలోనూ ఎలక్ట్రాన్ ఊరికే పోదు. శిఖర బలం మైక్రోమీటరుకు 50 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకుందాం, అంటే 0.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు.

గామా ఘనం 1.176. బీటా వర్గం 0.1025. ఈ రెండింటినీ 511తో గుణిస్తే 61.6. 6.283ను 0.618తో భాగిస్తే 10.17. 60 డిగ్రీల సైన్ 0.866. కాబట్టి కేంద్రీకరణ బలం = 0.05 × 10.17 × 0.866 ÷ 61.6 = 0.00714. దీని వర్గమూలం 0.0845. దాన్ని తిరగేస్తే 11.8 మైక్రోమీటర్లు.

ఈ 11.8ని లెన్స్ నిడివి అందాం. ఇకమీద ప్రతి దూరాన్నీ దీనితోనే కొలుస్తాం. ఒక్కో భాగం పొడవును లెన్స్ నిడివితో భాగిస్తే వచ్చే అంకెను థీటా అందాం. కూడగట్టే భాగంలో ఎలక్ట్రాన్ దారి సైన్, కొసైన్ల ప్రకారం వంగుతుంది. చెదరగొట్టే భాగంలో హైపర్బోలిక్ సైన్, కొసైన్ల ప్రకారం విచ్చుకుంటుంది. ఒక్కో భాగం ఎలక్ట్రాన్ స్థానాన్నీ వంకరనూ ఎలా మారుస్తుందో చెప్పే అంకెల పట్టికను మాత్రిక అంటారు. రెండు భాగాల మాత్రికలను గుణిస్తే గడి మొత్తం ప్రవర్తన ఒక్క అంకెలోకి వస్తుంది. అది గడి మలుపు, అంటే ఒక్క గడి దాటేసరికి ఎలక్ట్రాన్ ఊపు ఎన్ని డిగ్రీలు ముందుకు జరుగుతుందో:

కొసైన్(గడి మలుపు) = కొసైన్(థీటా) × హైపర్బోలిక్ కొసైన్(థీటా)

కుడివైపు విలువ మైనస్ 1కీ ప్లస్ 1కీ మధ్య ఉన్నంతసేపు ఎలక్ట్రాన్ అటూ ఇటూ ఊగుతూ నాళంలోనే ఉంటుంది. ఆ హద్దు దాటితే ప్రతి గడిలోనూ ఊపు పెరిగిపోయి గోడకు తగులుతుంది. మొదటి హద్దు థీటా 1.875 దగ్గర వస్తుంది. అంటే ఒక్కో భాగం 22.2 మైక్రోమీటర్లకు మించకూడదు. పీరియడ్లలో చెబితే 35 సరిపోతాయి, 36 పెడితే హద్దు దాటిపోతుంది. ఒక్క స్తంభం తేడా! కాబట్టి ఎవరూ హద్దు అంచున డిజైన్ చేయరు. థీటాను 1.571 దగ్గర పెట్టుకుంటే కొసైన్ సున్నా అవుతుంది, గడి మలుపు 90 డిగ్రీలు వస్తుంది. పొడవు 18.6 మైక్రోమీటర్లు, అంటే 30 పీరియడ్లు. లేజర్ బలం కాస్త అటూ ఇటూ అయినా తట్టుకునే చోటు ఇది. మన గడికి ఇదే తీసుకుందాం.

మరి ఫేజ్ మార్చేది ఎలా? లేజర్‌ను ముట్టుకోం. పక్క నుంచి పడే కాంతి స్తంభాలన్నిటినీ ఒకే ఫేజ్‌లో ఊపుతుంది. రెండు భాగాల మధ్య స్తంభాల వరుసలో కాస్త ఎక్కువ ఖాళీ వదిలితే ఎలక్ట్రాన్ తర్వాతి భాగానికి ఆలస్యంగా చేరుతుంది, తరంగం మీద వెనకబడుతుంది. ఒక పూర్తి పీరియడ్ ఖాళీ అంటే 360 డిగ్రీలు. ప్లస్ 60 నుంచి మైనస్ 60కి వెనకబడాల్సింది 120 డిగ్రీలు, అంటే పీరియడ్‌లో మూడో వంతు: 206 నానోమీటర్లు. మైనస్ 60 నుంచి మళ్లీ ప్లస్ 60కి రావాలంటే ఇంకో 240 డిగ్రీలు వెనకబడాలి: 412 నానోమీటర్లు. రెండూ కలిపితే సరిగ్గా ఒక పీరియడ్.

కాగితం మీద గీయండి. 30 జతల స్తంభాలు, మామూలు ఎడానికి అదనంగా 206 నానోమీటర్ల ఖాళీ, మళ్లీ 30 జతలు, 412 నానోమీటర్ల అదనపు ఖాళీ. లెన్స్ అంటే ఇంతే. వంపు తిరిగిన గాజు లేదు, తీగచుట్ట లేదు. సిలికాన్ లేని చోటే మనకు లెన్స్‌ను తిప్పే మీట.

ఒక్క ఎలక్ట్రాన్ వెంట

సూత్రం మీద నమ్మకం కుదరాలంటే ఒక్క ఎలక్ట్రాన్‌ను పట్టుకుని గడి గుండా నడిపించాలి. కూడగట్టే భాగం నడిమధ్యలో, నాళం మధ్య గీత నుంచి 60 నానోమీటర్ల దూరంలో, తిన్నగా ముందుకు పోతున్న ఎలక్ట్రాన్‌ను తీసుకోండి. ఆ భాగంలో మిగిలిన సగం, అంటే 15 పీరియడ్లు దాటేసరికి అది 42 నానోమీటర్లకు దిగుతుంది, లోపలి వైపు 3.6 మిల్లీరేడియన్ల వంకర తెచ్చుకుంటుంది. ఇప్పుడు చెదరగొట్టే భాగంలోకి వచ్చింది. ఈ 30 పీరియడ్లూ క్షేత్రం దాన్ని బయటకే నెడుతుంది. అయినా అది లోపలికే పోతూ ఉంటుంది, వేగం మాత్రం తగ్గుతుంది. బయటకు వచ్చేసరికి 8.8 నానోమీటర్ల దగ్గర, 0.75 మిల్లీరేడియన్ల వంకరతో ఉంటుంది. తర్వాతి కూడగట్టే భాగంలో సగం దూరం పోయేసరికి సరిగ్గా మధ్య గీత మీదకు చేరుతుంది.

ఇంకో గడి దాటితే అవతలి వైపు 60 నానోమీటర్ల దగ్గర తేలుతుంది. నాలుగు గడుల్లో, అంటే దాదాపు 150 మైక్రోమీటర్లలో, ఒక పూర్తి ఊపు. ఈ మెట్లన్నీ మీ కాలిక్యులేటర్‌తో చేసి చూడండి. కూడగట్టే భాగానికి కొసైన్, సైన్. చెదరగొట్టే భాగానికి వాటి హైపర్బోలిక్ రూపాలు. చెదరగొట్టే భాగం కూడా ఎలక్ట్రాన్‌ను మధ్యకు దగ్గరగానే వదిలిందన్న సంగతి చేత్తో లెక్కవేస్తేనే మనసుకు ఎక్కుతుంది.

ఇక్కడ రెండు సరళీకరణలు చేశాం. పక్క బలం దూరానికి అనులోమంగా పెరుగుతుందనుకున్నాం. నిజానికి 60 నానోమీటర్ల దగ్గర అది 6 శాతం, గోడ అంచున 21 శాతం ఎక్కువ. శక్తి మారడం లేదనుకున్నాం. ఇది అంత తేలిగ్గా వదిలేసేది కాదు, దాని సంగతి కింద ఉంది.

గడి ఎంతవరకు కాపాడుతుంది?

మాత్రికలోంచి మరో ఉపయోగకరమైన అంకె వస్తుంది. కూడగట్టే భాగం మధ్యలో పుంజం అతి వెడల్పుగా, చెదరగొట్టే భాగం మధ్యలో అతి సన్నగా ఉంటుంది. పుంజం ఎక్కడ ఎంత విచ్చుకుంటుందో చెప్పే కొలతను బీటా ప్రమేయం అంటారు. 90 డిగ్రీల గడికి అతి వెడల్పు చోట అది లెన్స్ నిడివికి 4.81 రెట్లు, అంటే 57 మైక్రోమీటర్లు. దీనికీ వేగానికి వాడిన బీటాకూ సంబంధం లేదు. నాళం సగం వెడల్పు 112.5 నానోమీటర్లు. దాన్ని 57 మైక్రోమీటర్లతో భాగిస్తే 2 మిల్లీరేడియన్లు. మధ్య గీత మీద ఉన్న ఎలక్ట్రాన్ వంకర అక్కడ 2 మిల్లీరేడియన్ల లోపు ఉంటే గోడ తగలకుండా చివరిదాకా పోతుంది. కేంద్రీకరణ లేనప్పుడు హద్దు 0.225 మిల్లీరేడియన్లని మొదట్లో చూశాం. తొమ్మిది రెట్ల మెరుగు! పైగా కేంద్రీకరణ లేకపోతే పొడవు పెంచినకొద్దీ ఆ హద్దు తగ్గిపోతూనే ఉంటుంది. ఇక్కడ పొడవుతో నిమిత్తం లేదు.

సగం వెడల్పునూ ఈ కోణాన్నీ గుణిస్తే నాళం స్వీకరించగల ఎమిటెన్స్, అంటే పుంజం వెడల్పునూ వంకరనూ కలిపి చెప్పే కొలత, వస్తుంది: సుమారు 0.22 నానోమీటర్ రేడియన్లు. ఇది చాలా తక్కువ. మామూలు ఎలక్ట్రాన్ గన్‌లు ఇంత పొందికైన పుంజాన్ని ఇవ్వలేవు. సూదిమొన లాంటి లోహపు కొన మీద అతినీలలోహిత లేజర్ పడేలా చేసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లోపలి లెన్సులతో పుంజాన్ని తీర్చిదిద్దుకుంటారు. ఈ ప్రయోగాలకు సూక్ష్మదర్శినులే ఎందుకు ఆధారమయ్యాయో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ప్రయాణ దిశలోనూ ఇలాంటి హద్దే ఉంది. 30 డిగ్రీల ఫేజ్ అంటే కాలంలో 540 అట్టోసెకన్లు మాత్రమే. లేజర్‌తో పుట్టించిన ఎలక్ట్రాన్ గుంపు అంతకంటే ఎన్నో రెట్లు పొడవుగా ఉంటుంది. కాబట్టి దానిలోని ఎలక్ట్రాన్లు అన్ని ఫేజ్‌ల మీదా పరుచుకుని ఉంటాయి. వాటిలో కొన్నే మన గడులకు పనికివస్తాయి. ముందుగా గుంపును సన్నని ముక్కలుగా కూర్చడం మరో విద్య. 2019లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్, జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా చిప్ మీదే అట్టోసెకన్ల గుంపులను సాధించాయి.

ఎలక్ట్రాన్ వేగం పెరిగితే

మన గడిలో మైక్రోమీటరుకు సగటున 25 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తున్నాయి. 30 పీరియడ్లు దాటేసరికి 463 ఎలక్ట్రాన్ వోల్టులు పెరిగి శక్తి 28.86 కిలో ఎలక్ట్రాన్ వోల్టులవుతుంది. దానికి సరిపడే పీరియడ్ 622.6 నానోమీటర్లు. పెరిగింది 4.6 నానోమీటర్లే కదా అని వదిలేస్తే ఏమవుతుంది? తర్వాతి 30 పీరియడ్లలో ఆ తేడా పోగుపడి 138 నానోమీటర్లు, అంటే 80 డిగ్రీలు అవుతుంది. మైనస్ 60 దగ్గర ఉండాల్సిన ఎలక్ట్రాన్ ప్లస్ 20 దగ్గరికి జారిపోయి, కూడగట్టాల్సిన భాగం చెదరగొట్టడం మొదలుపెడుతుంది.

కాబట్టి ప్రతి పీరియడ్‌నూ దాని ముందుదాని కంటే సుమారు 0.15 నానోమీటర్లు పెంచుతూ పోవాలి. సిలికాన్ స్ఫటికంలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.235 నానోమీటర్లు. మనం అడుగుతున్నది దానికంటే తక్కువ. ఇది అసాధ్యంగా వినిపిస్తుంది గాని, ఏ ఒక్క స్తంభాన్నీ అంత కచ్చితంగా చెక్కనక్కరలేదు. ఒక స్తంభం రెండు నానోమీటర్లు అటూ ఇటూ జరిగినా ఫేజ్‌లో తేడా ఒక్క డిగ్రీకి కాస్త ఎక్కువ. తర్వాతి స్తంభం తన చోట తాను ఉంటే ఆ తప్పు పోగుపడదు. ముఖ్యమైనది ప్రతి స్తంభం స్థానాన్ని నాళం మొదటి నుంచి లెక్కించి రాయడం, ముందు స్తంభం నుంచి కాదు. డిజైన్ ఫైలు తయారుచేసేటప్పుడు పీరియడ్లను నానోమీటరుకు కుదించి వరుసగా కూడుకుంటూ పోతే ఆ కుదింపులు పోగుపడి ఫేజ్ తప్పిస్తాయి. స్థానాలను పూర్తి దశాంశాలతో లెక్కించి, కుదింపు చివర్లో ఒక్కసారే చేయండి.

ప్రయోగశాలల్లో ఎంతవరకు వచ్చింది?

2021లో ఎర్లాంగెన్ బృందం 225 నానోమీటర్ల వెడల్పు, 77.7 మైక్రోమీటర్ల పొడవున్న నాళంలో 28.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లను ఈ పద్ధతితో కాపాడుకుంటూ అవతలికి చేర్చింది. అక్కడ లక్ష్యం త్వరణం కాదు, పుంజం చెదరకుండా చేరడమే. 2023లో అదే బృందం 500 మైక్రోమీటర్ల నాళంలో శక్తిని 28.4 నుంచి 40.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు, అంటే 43 శాతం పెంచింది. కేంద్రీకరణా త్వరణమూ ఒకే చిప్‌లో కలిసిన సందర్భం అది. మన గడి ఇచ్చే 25ను 500తో గుణించి చూడండి: 12.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. వాళ్లు కొలిచింది 12.3. శిఖర బలాన్ని మనం అనుకుని పెట్టుకున్నామన్నది మరవకూడదు. అయినా చేతి లెక్క అసలు చిప్ స్థాయికి చేరగలదని తెలియడం ఉత్సాహమిస్తుంది. స్టాన్‌ఫర్డ్ బృందం 2024లో 96 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లకు 708 మైక్రోమీటర్లలో 23.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కలిపింది. అక్కడా ఇదే కేంద్రీకరణ.

నిలువు దిశ గురించి మీరు అడగాలి. స్తంభాల పొడవు వెంట క్షేత్రం మారదనుకున్నాం కాబట్టి ఆ దిశలో కేంద్రీకరణ ఏమీ లేదు. ఎలక్ట్రాన్లు నెమ్మదిగా పైకీ కిందికీ పరుచుకుంటాయి. అర మిల్లీమీటరు దాకా ఫరవాలేదు, సెంటీమీటరు చేయాలంటే అడ్డుపడుతుంది. స్తంభాల ఆకారాన్ని, పొరలను మార్చి మూడు దిశల్లోనూ వంతులవారీ కేంద్రీకరణ చేసే డిజైన్ 2020లో వచ్చింది. దానికి ఒక పాఠం పూర్తిగా కావాలి, 6వ పాఠంలో చేద్దాం.

అభ్యాసాలు

మొదటిది. త్వరణం అక్కర్లేదు, పుంజాన్ని మోసుకుపోతే చాలు. ప్లస్ 90, మైనస్ 90 డిగ్రీల మధ్య మార్చండి. శిఖర బలం, శక్తి పైవే. 90 డిగ్రీల గడి మలుపుకు ఒక్కో భాగంలో ఎన్ని పీరియడ్లు పెట్టాలి, అదనపు ఖాళీ ఎంత వదలాలి? 28 పీరియడ్లు, ప్రతిచోటా 309 నానోమీటర్లు వస్తే మీ దారి సరైనదే. రెండు ఖాళీలూ ఎందుకు సమానమయ్యాయో ఒక వాక్యంలో రాయండి.

రెండోది. 40.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ప్లస్ 60, మైనస్ 60 డిగ్రీలతో, లెన్స్ నిడివి ఎంత? భాగానికి ఎన్ని పీరియడ్లు? మొదట్లో 30 ఉన్న అంకె చివరికి ఎంతకు పెరిగిందో చూడండి. దాన్నిబట్టి 500 మైక్రోమీటర్ల చిప్‌లో మొత్తం ఎన్ని భాగాలు పడతాయో అంచనా వేయండి.

మూడోది కాస్త ఆలోచించాల్సినది. ప్లస్ 30, మైనస్ 30 డిగ్రీలు ఎంచుకుంటే త్వరణం గరిష్ఠంలో 87 శాతానికి పెరుగుతుంది. లెన్స్ నిడివి ఏమవుతుంది? నాళం స్వీకరించే కోణం ఎంత తగ్గుతుంది? పుంజం మూలం బలహీనమైనదైతే మీరు 30 ఎంచుకుంటారా, 60 ఎంచుకుంటారా? అంకెలతో సమర్థించండి.

నాలుగోది వచ్చే పాఠానికి తలుపు. 500 మైక్రోమీటర్లు దాటడానికి ఎలక్ట్రాన్‌కు 5 పికోసెకన్ల దాకా పడుతుంది. లేజర్ పల్స్ పొడవు 250 ఫెమ్టోసెకన్లు అనుకోండి. పల్స్ చిప్ మొత్తాన్నీ ఒకేసారి వెలిగిస్తే, ఎలక్ట్రాన్ కాంతిలో ఎన్ని మైక్రోమీటర్లు మాత్రమే నడుస్తుంది? కాంతి ఎలక్ట్రాన్ వెంటే జరుగుతూ పడాలంటే పల్స్ ముఖాన్ని ఏటవాలుగా వంచాలి. ఆ వంపు కోణపు టాంజెంట్ 1 ÷ బీటాకు సమానం. మన మొదటి బీటాతో ఆ కోణం ఎంతో కట్టి ఉంచుకోండి.